తెల్లబడిన గోళ్లు

ఏప్రిల్ 3, సోమవారం

మా బావమరిది ఈ డైరీ ఇచ్చాడు. అట్టకి బంగారు రంగు అంచు ఉంది. "జీవితంలో పైకొచ్చినవాళ్లందరూ డైరీ రాస్తారు బావా. రోజూ నీ లక్ష్యం రాసుకో. అది ఇప్పటికే జరిగిపోయినట్టు రాసుకో. అదీ కిటుకు" అన్నాడు.

లక్ష్యం: పైకి రావడం.

పైకొచ్చాను.

ఏప్రిల్ 4

నిన్నటిది చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఇంకెవరూ చదవరు కాబట్టి పరవాలేదు. ఇవాళ కాస్త వివరంగా రాస్తాను. తీరిక బోలెడంత ఉంది.

ఇప్పుడు పొద్దున పదకొండు. మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూములో, గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా గేర్ల సైకిళ్లు ముప్పై రెండు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదానికీ ఏ జబ్బూ లేదు. టైర్లలో గాలి నిండుగా ఉంది, చైన్లు మెరుస్తున్నాయి, బ్రేకులు పట్టినచోట పడుతున్నాయి. రాగానే అన్నింటినీ ఒకసారి నొక్కి చూశాను. నొక్కడం అయ్యేసరికి తొమ్మిదీ పది. అప్పటి నుంచి కూర్చునే ఉన్నాను.

మొన్నమొన్నటి దాకా, అంటే ఇరవై రెండేళ్ల పాటు, స్కూలు వెనక సందు మలుపులో నాకొక కొట్టు ఉండేది. మంచం వేస్తే మనిషి నిలబడ్డానికి చోటుండని గది. సైకిళ్లు రోడ్డు మీద, సామాన్లు గదిలో, నేను సగం లోపల, సగం బయట. ఎండాకాలంలో వీపు కాలేది, వానాకాలంలో అదే వీపు తడిసేది. ఇక్కడ వీపుకి ఏసీ గాలి తగులుతోంది. హాయిగా ఉంది.

బావమరిది మోటారు బళ్లు అమ్మి నాలుగు డబ్బులు చూసినవాడు. "ఎన్నాళ్లని ఆ సందులో పంక్చర్లు వేసుకుంటావు బావా? పెట్టుబడి నాది, పని నీది, లాభం చెరిసగం" అన్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు కానీ ఆ పూట నా టీలో పంచదార రెండు చెంచాలు వేసింది. అంటే ఇష్టమేనన్నమాట.

పని నాది అన్నాడు కదా, ఆ పని ఏమిటో ఇంకా తెలియలేదు. తెలుస్తుంది.

ఏప్రిల్ 6

షోరూములో నాతోపాటు ఒకాయన ఉంటాడు. అమ్మకాల మనిషి. నలభై ఏళ్లుంటాయి. ఎప్పుడూ టై కట్టుకుని ఉంటాడు కాబట్టి నేను టై ఆయన అనుకుంటాను. సైకిలు గురించి ఆయన మాట్లాడుతుంటే సైకిలే సిగ్గుపడాలి. ఏ బండికి ఎన్ని గేర్లు, ఏ లోహం, ఎంత బరువు, గడగడా చెప్పేస్తాడు. కానీ బండిని పక్కకి జరపాల్సి వచ్చినప్పుడు మాత్రం పరాయివాళ్ల పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకుంటాడు.

సాయంత్రం ఇంట్లో మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని దీపం కింద తిప్పి తిప్పి చూసింది. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. పద్దెనిమిదేళ్లుగా నా గోళ్ల కింద నలుపుతో ఆవిడ యుద్ధం చేస్తోంది. సబ్బు, నిమ్మచెక్క, బట్టల బ్రష్షు, కిరసనాయిలు, దేనికీ లొంగలేదు. మూడు రోజులు షోరూములో కూర్చునేసరికి దానంతటదే పోయింది.

"ఇవి మీ చేతులేనా?" అంది.

"నాకూ అనుమానంగానే ఉంది" అన్నాను.

చాలా తెల్లగా ఉన్నాయి. మంచిదే.

ఏప్రిల్ 9

ఆదివారం. కొత్త ఇల్లు చూడ్డానికి వెళ్లాం. బావమరిదే చూపించాడు. మూడో అంతస్తు, లిఫ్టు ఉంది, బాల్కనీ ఉంది. మా ఆవిడ బాల్కనీని అడుగులతో కొలిచింది. అటు తొమ్మిది, ఇటు నాలుగు. మళ్లీ కొలిచింది. మా అమ్మాయి లిఫ్టులో నాలుగుసార్లు కిందికీ పైకీ తిరిగింది. తొమ్మిదో క్లాసు చదువుతున్న పిల్లకి ఇదేం సరదా అని కసిరాను కానీ, నాలుగోసారి నేనూ ఎక్కాను.

మా ఆవిడ ల్యాబులో రక్తం తీస్తుంది. పొద్దున ఆరింటికే బయల్దేరాలి. రోజుకి అరవై మందికి సూది గుచ్చి, మధ్యాహ్నం ఇంటికొచ్చి, మా ఇప్పటి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కిటికీ ముందు కూర్చుంటుంది. ఆ కిటికీలోంచి పక్కింటి గోడ కనిపిస్తుంది. ఆ గోడని ఆవిడ ఎంతకాలంగా చూస్తోందో నేనెప్పుడూ లెక్కేసుకోలేదు.

"కర్టెన్లు ఏ రంగు వేద్దాం?" అని అడిగింది దారిలో.

"నీ ఇష్టం" అన్నాను. ఆవిడ అంత సంతోషంగా నడవడం ఈ మధ్య చూడలేదు.

కాబట్టి ఇదే సరైన దారి. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

ఏప్రిల్ 10

పాత కొట్టు తాళం ఇంకా నా దగ్గరే ఉంది. ఆ గది పైనింటి పెద్దావిడది. ఈ నెలాఖరులోగా తాళం ఇచ్చేస్తానని చెప్పాను. ఫోన్లు బాగుచేసేవాడెవడో ఆ గది అడుగుతున్నాడట. ఇవాళ మధ్యాహ్నం షోరూములో ఎలాగూ ఎవరూ లేరని ఇచ్చేద్దామని వెళ్లాను.

వెళ్లేసరికి మూసిన షట్టరు ముందు పోస్ట్‌మ్యాన్ నిలబడి ఉన్నాడు. సైకిలు చైను ఊడి వేలాడుతోంది. చేతిలో ఉత్తరాల సంచి.

"హమ్మయ్య, వచ్చారా! మూడు రోజులుగా తిరుగుతున్నా. మీరు కొట్టు మూసేశారని ఎవరో అంటే పళ్లు రాలగొడతానన్నా" అన్నాడు.

పళ్లు రాలాల్సింది నావే అని ఎలా చెప్పను? చైనుకి ఒక్క లింకు తీసేస్తే సరిపోయే పని. పది నిమిషాలు. తీశాను. అంతలో పాలావిడ బ్రేకు అంది. తర్వాత లెక్కల మాస్టారి సీటు కిర్రుమంటోంది.

రెండున్నర గంటలైంది. తాళం ఇవ్వడం కుదరలేదు.

ఏప్రిల్ 11

రేపు తప్పకుండా ఇచ్చేస్తాను.

ఏప్రిల్ 13

కుదరలేదు. వెనక చక్రం. పాలావిడది, చాలా చిన్న పని. చూస్తూ చూస్తూ ఎలా వచ్చేస్తాం? గోళ్లు నల్లబడకుండా వేళ్లకి చేతిరుమాలు చుట్టుకుని చేశాను.

షోరూములో బ్యాంకు పనని చెప్పి వెళ్లాను. పూర్తిగా అబద్ధం కాదు. ఆ సందు చివర బ్యాంకు ఉంది.

ఏప్రిల్ 15

ఇవాళ షోరూములో ఒక సంగతి జరిగింది.

పోయిన వారం ఖరీదైన బండి కొనుక్కున్న ఒకమ్మాయి ఏడుపు ముఖంతో వచ్చింది. గుంతలో పడి ముందు చక్రం వంకరపోయింది. తిప్పితే బ్రేకుకి అటో దెబ్బ, ఇటో దెబ్బ. టై ఆయన పుస్తకం తిరగేసి, "కంపెనీ రూలు ప్రకారం చక్రం మొత్తం మార్చాలండీ" అని ధర చెప్పాడు. ఆ ధర విని ఆ అమ్మాయి ముఖం కూడా చక్రంలాగే అయింది.

నాకు చేతులు ఆగలేదు. చక్రం విప్పి వెనక గదిలోకి తీసుకెళ్లాను. చువ్వలు బిగించే చిన్న పానా నా జేబులోనే ఉంది. ఎందుకుందో తెలియదు, ఉంది. చక్రాన్ని తిప్పి, వంకర ఎటుందో చూసి, ఇటువైపు చువ్వ పావు చుట్టు బిగించి, అటువైపుది పావు చుట్టు వదిలి, మళ్లీ తిప్పి, మళ్లీ చూసి... ఈ పనిలో తొందరపడితే అంతా పోతుంది. చక్రం నెమ్మదిగా మాట వింటుంది. మొదట విననట్టే ఉంటుంది. ఉన్నట్టుండి ఒక దగ్గర సర్దుకుని, కదలనే కదలనట్టు తిరుగుతుంది. చుట్టూ గాలి తప్ప ఏమీ తగలదు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను, ఆ క్షణానికి ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది.

ఆ అమ్మాయి థాంక్స్ మీద థాంక్స్ చెప్పి వెళ్లింది. ఆ తర్వాత బావమరిది వచ్చాడు.

"కొత్త చక్రం అమ్ముడుపోయేది కదా బావా!"

"బాగయ్యేదాన్ని ఎందుకురా మార్చడం?"

"నువ్వు మెకానిక్కువి కాదు ఇప్పుడు. యజమానివి. యజమాని నేల మీద కూర్చుంటే స్టాఫు ఎక్కడ కూర్చోవాలి? పైగా ఆ తెల్ల టైల్సు మీద నూనె మరక చూశావా?"

చూశాను. నా బొటనవేలంత ఉంది. షోరూము మొత్తం మీద నాదంటూ ఉన్నది అదొక్కటే. తుడిచేశారు.

వాడు చెప్పిందీ నిజమే. నేను అలవాటుపడాలి.

ఏప్రిల్ 17

టై ఆయన పొద్దున్నే తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "మీతో ఒక మాట సార్" అన్నాడు. ఉద్యోగం మానేస్తాడేమో అనుకున్నాను.

"నాకు సైకిలు తొక్కడం రాదండీ."

నేను నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి బల్ల కింద చెప్పు వెతుక్కోవాల్సి వచ్చింది.

"చిన్నప్పుడు ఒకసారి పడ్డాను. తర్వాత ఎక్కలేదు. ఇప్పుడు రోజూ అమ్ముతున్నాను. ఎవరైనా ఒక రౌండు తొక్కి చూపించమంటారేమోనని ప్రతిరోజూ గుండె దడగా ఉంటుంది."

రేపటి నుంచి పొద్దున ఆరింటికి స్కూలు మైదానంలో నేర్పిస్తానని మాటిచ్చాను. టై తీసి రమ్మన్నాను. "టై లేకపోతే నాకు ధైర్యం చాలదండీ" అన్నాడు. సరే, కట్టుకునే రమ్మన్నాను.

ఏప్రిల్ 19

టై ఆయన ఇవాళ పదకొండు అడుగుల దూరం తొక్కాడు. టై భుజం మీదుగా వెనక్కి ఎగిరింది. దిగాక నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపాడు.

సాయంత్రం ఇంట్లో మా ఆవిడ నా చేతిరుమాలు ఉతకబోతూ ఆగింది. దాని మీద గ్రీజు.

"ఇదెక్కడిది?"

"షోరూములో. కొత్త బళ్లకి పూసి పంపిస్తారు."

"షోరూములో నూనె చుక్క పడితే మా తమ్ముడు ఇల్లెక్కి అరుస్తాడు. ఇంత గ్రీజుంటే ఊరుకున్నాడా?"

"వాడు చూడలేదు."

ఆవిడ రుమాలుని సబ్బునీళ్లలో వేసి, అదే పనిగా రుద్దింది. వేరే మగవాళ్ల రుమాళ్ల మీద లిప్‌స్టిక్ మరకలుంటాయట. నా రుమాలు మీద గ్రీజు. దొంగతనం మాత్రం ఒకటే.

తాళం ఇవ్వలేదు.

ఏప్రిల్ 21

ఫోటో తీశారు. మెయిన్ రోడ్డులో పెద్ద బోర్డు పెడతారట. నా నిలువెత్తు బొమ్మ, పక్కన "ఇరవై రెండేళ్ల అనుభవం మీ సేవలో" అని. బావమరిది ఫోటోగ్రాఫర్‌ని, మేకప్ చేసే అమ్మాయిని పిలిపించాడు. నీలం రంగు కొత్త డ్రెస్సు తొడిగారు. చేతిలో పానా పెట్టారు. అది సైకిలు పానా కాదు, నీళ్ల పైపులు బిగించేది. ఆ సంగతి చెప్పాను. "ఫోటోలో ఇదే గంభీరంగా ఉంటుంది సార్" అన్నాడు ఫోటోగ్రాఫర్.

నాలుగు తీసి చూసుకుని తల అడ్డంగా ఊపాడు. "చేతులు మరీ శుభ్రంగా ఉన్నాయి సార్. మెకానిక్కులా లేరు. బ్యాంకు మేనేజరులా ఉన్నారు."

ఆ అమ్మాయి పెట్టె తెరిచి కాటుక పెన్సిలు తీసింది. నా వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకుని, గోళ్ల కింద, కణుపుల మీద, నల్లగా గీసి, దూదితో అద్దింది. చాలా శ్రద్ధగా చేసింది. గోళ్ల అంచుల దగ్గర నలుపు ఎలా పేరుకుంటుందో అచ్చం అలాగే. "మా నాన్నకీ ఇలాగే ఉండేవండీ చేతులు. ఆయనది కొలిమి పని" అంది.

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో ఆ చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాను. నవ్వమన్నారు. నవ్వాను. ఫోటో బాగా వచ్చిందట.

ఆ నలుపు ఒక్కసారి నీళ్లు పోస్తే పోయింది.

ఏప్రిల్ 22

సంతోషంగానే ఉన్నాను.

ఏప్రిల్ 24

దొరికిపోయాను.

మధ్యాహ్నం రెండింటికి కొట్టు ముందు రోడ్డు మీద కూర్చుని, నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగ ఎక్కడొస్తోందో చూస్తున్నాను. నీళ్లలో ఒక నీడ పడింది. తల ఎత్తకుండానే, "ఒక్క నిమిషం, ఇది అయిపోగానే మీది చూస్తా" అన్నాను.

"నాది పద్దెనిమిదేళ్లుగా చూస్తూనే ఉన్నారుగా" అంది మా ఆవిడ.

ల్యాబు డ్రెస్సులోనే వచ్చింది. డ్యూటీ అయ్యాక రెండుసార్లు నా వెనకే వచ్చిందట. మొదటి రోజు షోరూము దాకా, రెండో రోజు సందు దాకా. నేను లేవబోయాను.

"కూర్చోండి. ఆ ట్యూబు ఎవరిది?"

"పోస్ట్‌మ్యాన్‌ది."

"అయితే ముందు అది కానివ్వండి. ఉత్తరాలు ఆగుతాయి."

ఆవిడ అరుగు మీద కూర్చుంది. నేను ప్యాచీ అంటించి, టైరు ఎక్కించి, గాలి కొట్టి పంపించేదాకా నా చేతులవైపే చూసింది. పోస్ట్‌మ్యాన్ వెళ్లాక అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు బాల్కనీ కావాలి కదా."

"కావాలి. కాదని అబద్ధమాడను. తొమ్మిదడుగులు అటు, నాలుగడుగులు ఇటు, కళ్లు మూసుకున్నా కనిపిస్తోంది నాకు. కానీ మూడు వారాలుగా మీరు ఇంటికొచ్చి ఏం చేస్తున్నారో తెలుసా? కుర్చీలో కూర్చుని ఫ్యాను వంక చూస్తున్నారు. ఇదివరకు వస్తూనే మొదలుపెట్టేవారు. మాస్టారు ఇలా అన్నాడు, పాలావిడ అలా తిట్టింది, ఎవడో హ్యాండిలు వెనక్కి బిగించుకొచ్చాడు. అరగంట ఆగేవారు కాదు. నోరు ముయ్యమని కసిరేదాన్ని కూడా. ఇప్పుడు ఏమైనా చెప్పండి అంటే ఏమంటున్నారు?"

"ఏమంటున్నాను?"

"'ఏముంది, మామూలే' అంటున్నారు. ఆ బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎదురుగా ఆ ముఖం చూస్తూ కూర్చోవాలా నేను? దానికన్నా ఆ పక్కింటి గోడే నయం."

"నీకు బాధగా లేదా?" అన్నాను.

"ఉంది. మూడు రోజులు ముఖం ముడుచుకుంటాను. మీరు భరించాలి."

భరిస్తానన్నాను. అంతలో ఎవరో గాలి కొట్టమని వచ్చారు. ఆవిడే పంపు అందించింది.

ఏప్రిల్ 25

బావమరిదికి చెప్పాను. చెప్పడానికి పొద్దున్నుంచి నాలుగుసార్లు నోరు తెరిచి నాలుగుసార్లు టీ తెప్పించాను. ఐదో టీకి చెప్పేశాను.

వాడు కోప్పడతాడనుకున్నాను. కోపం కన్నా ఎక్కువే అయింది, చిన్నబుచ్చుకున్నాడు.

"నేనేమైనా తక్కువ చేశానా బావా?"

"లేదురా. ఎక్కువే చేశావు. నాకు ఏ పనీ లేకుండా చేశావు. అది నేను పట్టలేకపోతున్నాను."

"నా మొదటి ఉద్యోగానికి వేసుకోవడానికి చొక్కా లేకపోతే అక్క కొనిపెట్టింది. అక్కని లిఫ్టున్న ఇంట్లో చూడాలని నా ఆశ. నువ్వు ఆ సందులోకి వెళ్లిపోతే అక్క ఆ ఇల్లు ఇంక ఎప్పటికి చూస్తుంది?"

సాయంత్రం వాడే మా ఇంటికొచ్చి అక్క దగ్గర పంచాయితీ పెట్టాడు. మా ఆవిడ వాడికి తినడానికి పెట్టి, ఎదురుగా కూర్చుని అంది.

"ఒరేయ్, నాకు ఇల్లు ఇప్పించాలని ఉంటే నువ్వు సంపాదించి ఇప్పించు, వద్దనను. దానికోసం మా ఆయన్ని కుదువ పెట్టకు."

వాడికి పొలమారింది. నవ్వో ఏడుపో తెలియలేదు. నీళ్లు తాగాక నవ్వే అని తేలింది.

చివరికి ఒప్పందం ఇదీ. పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చే కొత్త బళ్లని బిగించడానికి మంగళవారం, శుక్రవారం పొద్దున వెళ్తాను. కూలి తీసుకుంటాను, వాటా వద్దు. షోరూము టై ఆయన చూసుకుంటాడు. "ఆయనకి సైకిలు తొక్కడం కూడా వచ్చు" అన్నాను. "అమ్మేవాడికి అది రాకుండా ఉంటుందా?" అన్నాడు బావమరిది.

ఏప్రిల్ 27

ముఖం ముడుచుకోవడం మూడో రోజు. భరిస్తున్నాను.

ఏప్రిల్ 30

పైనింటి పెద్దావిడ దగ్గరికి వెళ్లి, తాళం ఇవ్వనని, కొట్టు నాకే ఉంచమని అడిగాను. ఫోన్లవాడు ఎక్కువ అద్దె ఇస్తానన్నాడని విన్నాను.

"ఇస్తానన్నాడు. మూడుసార్లు వచ్చాడు. నెలాఖరు దాకా ఆగమన్నాను" అంది పెద్దావిడ. "నువ్వు కింద సుత్తి వేస్తుంటే మధ్యాహ్నం నిద్ర పట్టదని నిన్ను ఎన్నిసార్లు తిట్టానో గుర్తుందా? ఈ నెలంతా దొంగచాటుగా వచ్చి చప్పుడు కాకుండా పనిచేసుకుపోతున్నావు. పడుకుంటే సాయంత్రం ఐదు దాకా మెలకువ రావడం లేదు. టీ టైము దాటిపోతోంది. తలనొప్పి. వెళ్లు, వెళ్లి సుత్తి వెయ్యి."

అద్దె మాత్రం కొంచెం పెంచింది. తలనొప్పి తలనొప్పే, అద్దె అద్దే.

మే 2

తొమ్మిది పంక్చర్లు, రెండు బ్రేకులు, ఒక ఫ్రీవీలు. రాయడానికి టైము లేదు.

మే 3

అలాగే.

మే 11

చాలా రోజులైంది రాసి. వేళ్లు నల్లగా ఉన్నాయి, పేజీకి అంటుకుంటున్నాయి. మా ఆవిడ నిమ్మచెక్క తెచ్చి ముందు పెట్టింది. యుద్ధం మళ్లీ మొదలు.

మే 17

మెయిన్ రోడ్డులో బోర్డు పెట్టేశారు. ముందే అచ్చయిపోయిందట. బావమరిది దాన్ని వృథా చేస్తాడా? నిలువెత్తు నేను, చేతిలో నీళ్ల పైపుల పానా.

పొద్దున్నుంచి ముగ్గురు వచ్చి, నన్నూ బోర్డునీ పోల్చుకుంటూ చూశారు. ఒకాయన, "ఆ షోరూము ఆయన మీకు అన్నగారా? కొంచెం దర్జాగా ఉన్నారు" అన్నాడు. "పెద్దాయన. మాకు రాకపోకలు తక్కువ" అన్నాను. సాయంత్రం వచ్చిన ప్లంబరు మాత్రం బోర్డు చూసే వచ్చాడట. సైకిలు బాగుచేయించుకోవడానికి కాదు, తన పానా నా చేతికెలా వచ్చిందని అడగడానికి.

టై ఆయన షోరూముకి సైకిలు మీదే వస్తున్నాడు. నన్ను చూడగానే రెండు చేతులూ వదిలేసి చూపించాడు. తిట్టి పంపించాను.

జూన్ 4

ఆ కొత్త ఇంటి ముందు నుంచి వెళ్లాం నేనూ, మా ఆవిడ. మూడో అంతస్తు బాల్కనీలో ఎవరో దుప్పట్లు ఆరేశారు. ఇద్దరం తల ఎత్తి చూశాం. ఆవిడ కాసేపు ఆగింది. నేనూ ఆగాను.

"ఆరేయడం రాదు వాళ్లకి. క్లిప్పులు పెట్టలేదు, ఎగిరిపోతాయి" అంది.

కొంత దూరం వెళ్లాక ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడకి ఆ బాల్కనీ ఇష్టమే. రేపూ ఇష్టంగానే ఉంటుంది. నేను దాన్ని మర్చిపోకూడదు. అందుకే రాసుకుంటున్నాను.

మా ఇంటి కిటికీ ముందున్న గోడకి రంగు వేస్తామని పక్కింటివాళ్లని అడిగాం. మీ ఖర్చుతో అయితే మాకేం అభ్యంతరం అన్నారు. పోయిన ఆదివారం నేనూ మా అమ్మాయీ నిచ్చెన వేసుకుని లేత పసుపు రంగు వేశాం. మధ్యాహ్నం ఎండ దాని మీద పడి గది లోపలికి వెలుగొచ్చింది. మా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, "ఎడమ పక్కన ఒక జానెడు వదిలేశారు" అంది.

జూన్ 27

ఇవాళ చాలా రాయాలి.

ఐదున్నరకి వాన పట్టుకుంది. ఉన్నట్టుండి, కుండపోతగా. మా ఆవిడ ఇవాళ ఇంకొకరి బదులు సాయంత్రం దాకా డ్యూటీ చేసి ఇంటికి వెళ్తూ తడిసిపోయి కొట్టులోకి దూరింది. షట్టరు సగం దించాను. ఇద్దరం లోపల నిలబడితే తిరగడానికి చోటు లేదు. ఆవిడ ట్యూబుల పెట్టె మీద కూర్చుంది. నేను లెక్కల మాస్టారి వెనక చక్రం విప్పి ఉన్నాను. ఇరుసులో బాల్సు, చిన్న ఉక్కు గుండ్లు, ఒక్కొక్కటీ గ్రీజులో కూర్చోబెడుతున్నాను. ఈ పని మధ్యలో చెయ్యి తీస్తే అన్నీ జారి రోడ్డు పాలవుతాయి.

అప్పుడు షట్టరు కిందుగా ఒక తల లోపలికొచ్చింది. పార్కులో పనిచేసే తోటమాలి. వెనకాల సైకిలు, క్యారేజీకి పూలకుండీలు కట్టి ఉన్నాయి. ముందు టైరు నేలకి అంటుకుపోయింది.

"పార్కు గేటు దగ్గర నుంచీ నడిపించుకొస్తున్నా బాబూ. చీకటి పడేలోగా ఈ మొక్కలు పెద్దాసుపత్రిలో దింపాలి."

నా రెండు చేతులూ ఇరుసులో ఉన్నాయి. "పావుగంట ఆగగలరా?" అన్నాను.

"నేను చేస్తాను, ఎలాగో చెప్పండి" అంది మా ఆవిడ.

తోటమాలీ నేనూ ఒకేసారి ఆవిడవైపు చూశాం.

"ఏమిటలా చూస్తారు? చెప్పండి."

చెప్పాను. ఇనప లివరుతో టైరు ఒక అంచు పైకి లేపి ట్యూబు బయటికి తీయమన్నాను. మొదటిసారి లివరు జారి ఎగిరి తోటమాలి కాళ్ల దగ్గర పడింది. రెండోసారి వచ్చింది. గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పమన్నాను. ఆవిడ నీళ్ల మీదికి ఒంగింది. మూడు వంతులు తిరిగినా ఏమీ లేదు. ఆ తర్వాత సన్నగా, దారంలాగా, బుడగలు.

"ఇదిగో!" అని అరిచింది. సందులో ఎవరో తిరిగి చూశారు. "ఇదిగో, ఇదిగో, చూడండి!"

అక్కడ సుద్దతో గుర్తు పెట్టమన్నాను. టైరు లోపల ముల్లో మేకో ఇంకా ఉంటుంది, అది తీయకపోతే మళ్లీ గుచ్చుకుంటుంది, వేలు పెట్టి నెమ్మదిగా తడమమన్నాను. ఆవిడ కళ్లు మూసుకుంది. రెండు వేళ్లు లోపల పెట్టి, అంగుళం అంగుళం జరుపుతూ వెళ్లింది. ల్యాబులో ఆవిడని పని చేస్తుండగా నేనెప్పుడూ చూడలేదు. ఇలాగే ఉంటుందేమో. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. తోటమాలి కూడా ఊపిరి బిగబట్టాడు. ఒకచోట వేళ్లు ఆగాయి. గోరంత ఇనపతీగ ముక్క బయటికి తీసి అరచేతిలో పెట్టి చూపించింది.

నేను దాన్ని ఒక్కసారికి పట్టుకోలేకపోయేవాణ్ణేమో.

ఉప్పుకాగితంతో రుద్దింది, సొల్యూషను పూసింది, ఊదింది, ప్యాచీ అంటించి బొటనవేలితో గట్టిగా అదిమింది. అదిమి, తోటమాలివైపు తిరిగి, "రెండు నిమిషాలు చెయ్యి మడిచి పెట్టుకోండి" అంది.

ఆయన పాపం వెంటనే చెయ్యి మడిచి పెట్టుకున్నాడు.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అది ల్యాబులో రక్తం తీశాక చెప్పే మాటని ముందు మా ఆవిడకే తెలిసింది. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ట్యూబుల పెట్టె మీద కూలబడింది. తోటమాలి చెయ్యి మడిచే ఉంచి నవ్వుతున్నాడు. నేను నవ్వితే బాల్సు జారిపోతాయని పళ్లు బిగించాను కానీ నాలుగు జారనే జారాయి.

టైరు ఎక్కించి, గాలి కొట్టి, బండి బయట పెట్టింది ఆవిడే. ముంజేతుల దాకా నలుపు. బుగ్గ మీద కూడా ఒక గీత. తోటమాలి జేబులో చెయ్యి పెట్టి నావైపు తిరిగాడు.

"ఎంత బాబూ?"

నేను చెప్పబోయాను. మా ఆవిడ నా మాటకి అడ్డం వచ్చింది.

"ఏమీ వద్దండీ. నాకిది మొదటిది. నడపండి, గాలి నిలుస్తుందో లేదో నేను చూడాలి."

ఆయన ఎక్కి తొక్కుకుంటూ వెళ్లాడు. మా ఆవిడ షట్టరు కిందుగా ఒంగి బయటికి వెళ్లి, వానలో నిలబడి, ఆ బండి సందు చివర మలుపు తిరిగేదాకా చూసింది. గాలి నిలిచింది.

నేను జారిన బాల్సు ఏరుకున్నాను. ధర చెప్పాల్సింది పని చేసినవాళ్లే.